నాయిన కత్తి, కోదాడ మిషన్

మంచి మిషన్ కొనే తాహతు ఉన్నోనికి మిషన్ను ఇప్పి మళ్ల బిగిచ్చే సుఖం తెల్వదు. నాకు ఆ తాహతు ఎన్నడు లేకుండె, అందుకే ఆ సుఖం మస్తుగ తెలుసు. మిర్యాలగూడల ఒక బియ్యం మిల్లుల ఫిట్టర్‌గ ఉన్నన్ని ఏండ్లు నేను ఆదివారం ఆదివారం కత్తులు చేసిన. ఎవలు అడగలే, ఎవలు కొనలే. ఉత్త పిచ్చి. "ఒకలు పేకాడుతరు, ఒకలు తాగుతరు, నేను ఇనుము గీకుత, నీకేం నష్టం?" అని మా ఇంటామెతోటి వాదం పెట్టుకునేటోన్ని. "తాగినా బాగుండు. తాగి పండుకుంటె ఇంట్ల సప్పుడన్న ఉండకపోవు" అనేది ఆమె.

కత్తులంటె కొట్లాట కత్తులు అనుకునేరు. కూరగాయలు తరిగేటియి, పండ్లు కోసేటియి, గంతే. మా దిక్కు ఆడోళ్లకు కత్తిపీట ఉంటె సాలు. కింద కూసోని, పీట మీద కాలేసి, బెండకాయైనా గుమ్మడికాయైనా సరసర తరుగుతరు. చేతిల పట్టుకునే కత్తి వాళ్ల లెక్కల హోటలోళ్ల సామాను. విరిగిన రంపం బ్లేడుతోటి నాలుగు ఆదివారాలు కూసోని నేను చేసిన మొట్టమొదటి కత్తితోటి మా ఇంటామె కిరసనాయిలు డబ్బా మూత తీసింది. మొన వంగింది. ఆ దినం నేను అన్నం తినలే, ఆమె బతిమాలలే.

అప్పుడంత చేతిపనే. ఆకురాయి పట్టుకొని రాకుడు, రాకుడు, రాకుడు. సూర్యాపేటల హైవే మీద లారీల కమాన్ పట్టీలు మార్చే ఒక చాచా ఉండె. ఇరిగిన పట్టీల ముక్కలు ఆయన దగ్గర తెచ్చుకునేటోన్ని. ఆ ఇనుము మొండిది. ఒక్క కత్తి తయారయ్యేసరికి అరచేతులు బొబ్బలెక్కేటియి. ఎమిరీ బెల్టు గిరగిర తిరుగుతుంటె దానికి ఇనుము ఆనిచ్చే మిషన్ ఒకటి ఉంటదని, దాని మీద నెల పని గంటల అయితదని తెలుసు. ధర ఇన్నంక చెవులు మూసుకున్న.

తొంభైలు మొదలైన కొత్తల, కోదాడల స్టీలు గిన్నెలకు పాలిష్ కొట్టే ఒకాయన దుకాణం ఎత్తేస్తున్నడని మా మిల్లుకు వడ్లు తోలే లారీ డ్రైవర్ చెప్పిండు. తెల్లారి బస్సెక్కిన. దుకాణంల ఒక మూలకు పడి ఉంది అది. సన్నటి ఇనుప యాంగిళ్లు అతికి చేసిన స్టాండు, ముందొక చెక్క డ్రమ్ము, ఎనకొక చెక్క డ్రమ్ము, నడుమ బెల్టు, కింద మోటరు. ముందు డ్రమ్ము గుండ్రంగ కూడ లేదు, కోడిగుడ్డు లెక్క ఉంది. ఇంటికి అచ్చిన సుట్టాన్ని చూసినట్టు నేను దాన్ని చూసుకుంట నిలబడ్డ.

"చూడండి, కొనేముందే చెప్తున్నాను. ఇది పెంకి ఘటం అండీ. తిన్నగా నడవదు. తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు" అన్నడు ఆ కోదాడాయన. ఆయనది కృష్ణా నది అవతలి మాట, మర్యాద ఎక్కువ. మా దిక్కోడైతే గట్ల నిజం చెప్పి అమ్ముతడా? నేను నవ్విన. "మేం ఇంతకన్న పెంకియి చూసినం సార్, మా ఇంట్లనే ఉన్నయ్" అన్న. బస్సు టాపు మీద తాళ్లతోటి కట్టిపిచ్చుకొని ఇంటికి తెచ్చిన.

బట్టలుతికే బండ పక్కపొంటి గద్దె కట్టి బిగిచ్చిన. స్విచ్చి ఏసిన. మా ఇంట్ల కరెంటు బుగ్గ గుడ్డిగైంది, పక్కింట్ల రేడియో గురక పెట్టింది, బెల్టు రెండు సుట్లు తిరిగి సర్రున జారి, దండెం మీద ఆరేసిన చీరె కొంగును పట్టుకొని చింపింది. ఇగ ఆ మధ్యాహ్నం మా ఇంట్ల నడిచిన భాగోతం రాయను. ఆఖరికి ఒక కట్టెతోటి బెల్టును పక్కకెల్లి అదుముకుంట పనిచేసుడు నేర్చుకున్న. ఎంత వేగంగ తిరిగేదో! ఇనుము ఆనిస్తె చాలు, కాకరపువ్వొత్తి లెక్క మెరుపులు. అంత వేగమే దాని గొప్పతనం అనుకున్న. నెలల అయ్యే పని గంటల అయిందంటె మనిషికి ఎక్కడలేని పొగరు వస్తది. నాకు వచ్చింది.

ఇప్పుడు మా నాయిన గురించి చెప్పాలె. మాది గరిడేపల్లి దగ్గరి పల్లె, కల్లు గీసే ఇల్లు. నాయిన పదహారేండ్లకు మోకు నడుముకు తగిలిచ్చి తాడు, అంటె తాటిచెట్టు, ఎక్కినోడు, డెబ్బైకి దగ్గర పడ్డా దిగనంటడు. నన్ను మాత్రం తాడు దగ్గరికి రానియ్యలే. "నువ్వు సదువుకో, కింద ఉండి బతుకు" అని ఐ.టి.ఐ.కి తోలిండు. గీసేటోనికి కత్తి అంటె ఏందో ఎరుగనోళ్లకు ఒక ముక్క చెప్త. తాటిగెల కొసను దినాం పొద్దుగాల, మాపటీలి రేకంత పలుచగ చెక్కాలె. కత్తి పదునుంటె గెల సుక్క సుక్క ఊరి లొట్టి నిండుతది. మొద్దుబారిన కత్తితోటి చెక్కితె గెల చితుకుతది, నాలుగొద్దులల్ల ఎండుతది. పైన ఒక చేత్తో గెల పట్టి, ఒక చేత్తో చెక్కేటప్పుడు బలం పెట్టి లాగాల్సి వస్తె మనిషి ఊగుతడు. అందుకే గీసేటోడు కత్తిని ఇంకొకల్ని ముట్టనియ్యడు. నాయిన కత్తి ఎన్నడో చనిపోయిన కమ్మరాయన కొట్టింది. నూరి నూరి సగం సన్నబడ్డది. చెక్క మీద తెల్లరాయి పొడి సల్లి దినాం అరగంట నూరేటోడు, నూరేటప్పుడు ఎవలన్న పలకరిస్తె ఇనపడనట్టు ఉండేటోడు.

మా బిడ్డకు మూడేండ్లకు పుట్టెంటికలు తీపిచ్చినం. ఆ దినం నాయిన పొద్దుగాల తాళ్లు గీసి అటే బస్సెక్కి వచ్చిండు, నడుముకు కత్తి అట్లనే ఉంది. మూడు గంటల బస్సుకు పోయి మళ్ల మాపటీలి గీసుడుకు అందుకోవాలె. మటన్ తిన్నడు, మనుమరాలిని భుజం మీద కూసోపెట్టుకొని వాడంత తిప్పిండు, వచ్చి అరుగు మీద ఒక కునుకు తీసిండు. కత్తి బట్టల సుట్టి గూట్లె పెట్టి ఉంది.

నేను ఊకుండొచ్చు గద? ఊకుంటె ఈ కత ఎందుకు. ముసలోడు ఇంటికి పోయి అరగంట నూరుకోవాలె పాపం, నేను చిటికెల చేసిస్త, నా మిషన్ గొప్పతనం చూడాలె అనుకున్న. బట్ట ఇప్పిన. స్విచ్చి ఏసిన. ఆనిచ్చిన. రెండు నిమిషాలు కూడ కాలే, అంచు పొంటి నీలం రంగు పాకింది.

ఫిట్టర్‌ను నేను. నీలం అంటె ఏందో తెల్వదని బొంకను. ఇనుమును ఎర్రగ కాల్చి నీళ్లల్ల ముంచి కమ్మరి దానికి గట్టిదనం తెస్తడు, మళ్ల వేడి తగిలి నీలం ఎక్కిందంటె ఆ గట్టిదనం పోయినట్టే. "నీరు సచ్చింది" అంటరు. ఏం కాలేదు, పైపైనే తగిలింది అని నాకు నేనే చెప్పుకున్న. చెప్పుకొని, సన్న ఎమిరీ బట్ట తెచ్చి, నీలం కనపడకుంట రుద్ది తుడిచిన. నూనె పూసిన. కత్తి అద్దం లెక్క మెరిసింది. అంత పెద్ద తప్పు నేను మళ్ల ఎన్నడు చెయ్యలే.

నాయిన లేచిండు, చూసిండు. ముందు మొకం మాడ్చిండు, ముట్టిన అని. మెల్లగ బొటనేలు ఆనిచ్చి చూసిండు. చచ్చిన ఇనుము కూడ మొదట పదునుగనే ఉంటది, అదే దాని మోసం. "ఓర్నీ! ఏం పదును పట్టినవ్‌రా" అని నవ్విండు. బస్సుల పక్క సీటోనికి కూడ చెప్పిండట, మా కొడుకు మిషన్ మీద పట్టిండు అని.

నెల దాటినంక ఒక పొద్దు నాయిన చెప్పాపెట్టకుంట మా ఇంట్ల దిగిండు. నడుముకు కత్తి లేదు, చేతి సంచిల ఉంది. చాయ తాగినంక కత్తిని తీసి నా ముంగట నేల మీద పెట్టిండు. మా దిక్కు కత్తి చేతికి చేతికి ఇయ్యరు, పగ పడుతదంటరు, కింద పెడితె తీసుకోవాలె. "ఇది నువ్వే ఉంచుకో కొడుకా. నీకు కత్తులంటె పిచ్చి గద. నాకింక అక్కెర లేదు" అన్నడు.

"ఏమైంది నాయినా?"

"నా సెయ్యి పోయింది."

నాకు సమజ్ కాలే. ఆయనే చెప్పిండు. పదును నిలుస్తలేదట. గంట నూరినా ఒక్క తాడు గీసేసరికి మొద్దు. రెండు గెలలు చితికి ఎండినయట. పైన బలం పెట్టి లాగవోతె ఒకసారి కాలు జారబోయిందట. తోటి గీసేటోళ్లు సూసి, నీకు వయసైంది పెద్దయ్యా, ఇగ దిగు, అన్నరట. వచ్చే అమాసకు కల్లుగీత సంఘమోళ్లు కూసోని తాళ్లు పంచుకుంటరు, ఈయన తాళ్లు ఇంకొకలకు రాసిస్తరట.

"కత్తి... కత్తిల ఏమన్న..." అని నేను నసిగిన.

"కత్తికేమైతదిరా? నువ్వు మిషన్ మీద పట్టినవ్. ఫిట్టర్‌వి. దానికి తిరుగుంటదా? సెయ్యే. నూరుడు మరిసింది, గీసుడు మరిసింది. సెయ్యి ముసలిదైంది."

తన యాభై ఏండ్ల చెయ్యి కన్న నా నిన్నమొన్నటి మిషన్ను ఎక్కువ నమ్మిండు నాయిన. నేనేమో నేల మీది కత్తిని వంగి తీసుకున్న.

మా ఇంటామె మాత్రం దేవునికి దండం పెట్టింది. ఆమె తప్పు లేదు. మా ఊర్ల అంతకుముందే ఒకాయన తాడు మీదికెల్లి పడి నడుము ఇరిగి మంచంల పడ్డడు. అప్పటికెల్లి ఆమె "మామా, దిగు మామా, మా దగ్గరికి రా" అని మొత్తుకోని దినం లేదు. ఆ మాపటీలి ఆమె నాయినను ఊరికి పోనియ్యక ఆపుకొని గారెలు చేసింది. నిజం చెప్తున్న, మొదటి రెండొద్దులు నాకు కూడ లోపల సంబురంగనే ఉండె. ముసలోడు కింద ఉంటడు. తప్పు చేసింది నేనైనా మంచే అయింది గద అనుకున్న. నోరు మూసుకుంటె సాలు, అన్ని వాటంతట అవే సదురుకుంటయ్ అనుకున్న.

మూడో దినం నా బిడ్డ "తాతా, ఎత్తుకో" అని చేతులు సాపింది. నాయిన రెండు చేతులు ఎనకకు పెట్టుకున్నడు. "వద్దు బిడ్డా. తాత సెయ్యి మంచిగ లేదు. పడేస్తడు" అన్నడు. అది ఏడుపందుకుంది. ఆయన ఎత్తుకోలే. ఆ తర్వాత నేను చూసుకుంట పోతె అన్నిట్ల అదే. చాయ గ్లాసు సగమే పొయ్యమంటడు, ఒలుకుతదని. గడ్డం గీసుకుంటలేడు. చెంబు రెండు చేతులతోటి పట్టుకుంటున్నడు. ఆ చేతికి ఏ రోగం లేదు! నేను తుడిచేసిన నీలం రంగు తప్ప ఏం లేదు! నాయిన ఊరికి పోయిండు, నేను మిల్లుకు సెలవు పెట్టి సూర్యాపేట బస్సెక్కిన.

చాచా కొలిమి ముందు కూసోని ఉన్నడు. కత్తిని అటిటు తిప్పిండు. ఆకురాయి తీసి అంచు మీద ఒక్క రాకుడు రాకిండు. ఆకురాయి కొరికింది. "నీరు లేదు దీంట్ల. ఏ పాగల్‌గాడు కాల్చిండు?"

"నేనే చాచా."

"రంగు ఏది? నీలం ఎంతదాక పాకిందో అంతమేర తీసెయ్యాలె. ఏది రంగు?"

"తుడిచిన."

చాచా కత్తిని కింద పెట్టి నా మొకం చూసిండు. దెబ్బ తగిలితె కుంకుమ పూసి దాస్తరా భాయ్, దవాఖానకు పోతరు గానీ, అన్నడు. మళ్ల కాల్చి నీళ్లు పట్టుమని అడిగిన. తల అడ్డంగ ఊపిండు. ముసలి కత్తి, పలుచటిది, మళ్ల కొలిమిల పెడితె పగులుతది అన్నడు. ఒకటే తోవ: సచ్చిన మేర అరగదీసి, లోపల బతికున్న ఇనుము దాక పోవాలె. ఎంత మేర అంటె ఆకురాయితోటి గీసుకుంట పోవాలె. కొరికితె ఇంకా సచ్చిందే. కొరకకుంట జారిందంటె అక్కడ ప్రాణం ఉన్నట్టు. అరగదీసేటప్పుడు మళ్ల వేడి తగిలిందా, సచ్చింది ఇంకా లోపలికి పోతది. "నీ మిషన్ ఎంత వేగం?" అని అడిగిండు. చెప్పిన. "అది మిషన్ కాదు, కొలిమి. ముందు దాన్ని మనిషిని చెయ్యి."

అమాస ఇంకా పన్నెండొద్దులు ఉంది.

డ్యూటీ దిగుడే ఆలస్యం, మిషన్ ముంగట కూసున్న. మొదట వేగం. మిల్లు చెత్తల పాత పుల్లీ, పెద్దది, తుప్పుపట్టి పడి ఉండె. మేస్త్రీని అడిగి తెచ్చి ఎనక డ్రమ్ముకున్న చిన్న పుల్లీ జాగల పెట్టిన. వేగం మూడోవంతుకు పడిపోయింది. ఇగ ఆ కోడిగుడ్డు డ్రమ్ము. మిర్యాలగూడల ఏ మిల్లు ఎనకకు పోయినా అరిగిపోయిన రబ్బరు రోలర్లు కుప్పలు. వడ్ల పొట్టు తీసే రోలర్లవి. రబ్బరు అరిగినంక వాటిని కుక్క కూడ చూడదు. ఒకటి తెచ్చి, లేతు మీద ఎడల్పు కోపిచ్చి, బేరింగులు ఎక్కిచ్చి చెక్క డ్రమ్ము జాగల బిగిచ్చిన. ఇనుమును ఆనిస్తె ఎగరకుంట జర మెత్తగ తగులుతుంది. ఎంత హాయిగ ఉండెనో ఆ తగులుడు.

బెల్టు జారుడు మాత్రం ఆగలే. దాని సంగతి చెప్తె నాకే సిగ్గు. మిల్లుల పెద్ద పెద్ద బెల్టు పట్టాలు జారకుంట ఎందుకు తిరుగుతయ్? పుల్లీ నడుమ జర ఉబ్బు ఉంటది, పట్టా ఎప్పుడు ఉబ్బు మీదికే ఎక్కుతది. అది దినాం నా చేతుల మీద నడిచే పని. కొత్తగ వచ్చినోళ్లకు నేనే చెప్పేటోన్ని. ఇంట్ల నా మిషన్‌కు మాత్రం నెలల సంది కట్టె అడ్డం పెడుతున్న! ఎనక డ్రమ్ము నడిమిట్ల నాలుగు సుట్లు టేపు సుట్టిన. సైకిల్ సీటు స్ప్రింగుతోటి బెల్టు బిగుతు కట్టిన. స్విచ్చి ఏస్తె బెల్టు నడుమకు వచ్చి బుద్ధిగ నిలబడ్డది. కోదాడాయన ఉంటె పిలిచి చూపెడుదును.

ఇగ మిగిలింది వేడి. కాంపౌండర్ దగ్గర ఖాళీ సెలైన్ సీసా, దాని పైపు తెచ్చి, దండెం కట్టెకు ఏలాడగట్టి, బెల్టు మీద సుక్క సుక్క నీళ్లు పడేటట్టు పెట్టిన. నా తెలివికి నేనే మురిసిపోతున్న. మా ఇంటామె బియ్యం చాట పట్టుకొని వచ్చి చూసింది. "మిషన్‌కు గ్లూకోజ్ ఎక్కిస్తున్నవా? బతుకుతదంటనా?" అని అడిగింది. బతకలే. బెల్టు బంక నీళ్లకు నాని గరుకంత ఊడి అంబలి లెక్క కారింది. ఆమె నవ్వి నవ్వి చాట కింద పెట్టింది. నేను కూడ నవ్విన, మస్తు రోజులకు.

నవ్వినంక అడిగింది, ఏందయ్యా ఈ పరేషాన్, మిల్లుకెల్లి వచ్చి అన్నం కూడ తింటలేవని. అప్పుడు చెప్పిన. మొత్తం చెప్పిన. ఆమె మొకంల నవ్వు పోయింది.

"ఇప్పుడు బాగుచేసి మళ్ల చేతికిస్తవా?" అన్నది.

"ఇయ్యాలె గద."

"ఎక్కుతడు."

"ఎక్కుతడు."

"పడితె? నువ్వు మోస్తవా? అన్నం నేను తినిపియ్యాలె, ఒళ్లు నేను కడగాలె. నీ మనసు సల్లబడెటందుకు ముసలాయనను తాడు ఎక్కిస్తవా?"

ఆమె మాట తప్పని నేను ఇప్పటికి అనను. నాయిన ఆ తర్వాత ఇంకా ఐదేండ్లు ఎక్కిండు, ఆఖరికి జరమొచ్చి మంచంలనే పోయిండు, గానీ ఆ ఐదేండ్లు గాలిదుమారం లేచినప్పుడల్ల ఆమె పొయ్యి ముందుకెల్లి లేచి గరిడేపల్లి దిక్కు చూసేది. ఆ దినం మాత్రం నేను ఒక్కటే అన్న: "బిడ్డను ఎత్తుకుంటలేడే ఆయన." ఆమె కొంగు మొకానికి పెట్టుకొని ఇంట్లకు పోయింది. మళ్ల ఆ మాట ఎత్తలే. తెల్లారి గద్దె పక్కన బకెట్ నిండ నీళ్లు పెట్టి ఉంది.

ఆ బకెట్టే పనికొచ్చింది. చాచా చెప్పిందే: వట్టి చేతులతోటి పట్టుకో, ఏలు అంచు దగ్గరనే పెట్టు, ఏలుకు చురుక్కుమంటె నీళ్లల్ల ముంచు. ఆనిచ్చుడు, ముంచుడు. ఆనిచ్చుడు, ముంచుడు. వడ్లగింజ ఎడల్పు అరగదీసేటందుకు నాకు ఏడొద్దులు పట్టింది. ఏలు కొసల చర్మం లేచిపోయి మిల్లుల నట్టు పట్టుకుంటె మంట పుట్టేది. దినాం ఆఖరుకు ఆకురాయితోటి గీసి చూసుకునేటోన్ని. కొరికేది. మళ్ల దినం కొరికేది. పాడుగాను, మొత్తం కత్తి అరిగిపోతదేమో అని ఏడుపొచ్చింది. పదకొండో దినం మాపటీలి ఆకురాయి సర్రున జారింది. కొన దగ్గర జారింది, నడుమ జారింది, పిడి దగ్గర జారింది. నేను బట్టలబండ మీద కూసుండిపోయిన.

అమాస ముంగటి దినం ఊరికి పోయిన. నాయిన వాకిట్ల మంచం మీద ఊకె కూసోని ఉన్నడు. గడ్డం మాసి ఉంది. మాపటీలి గీసే యాళ్ల అయింది, అందరు మోకులు ఏసుకొని తాటివనానికి పోతున్నరు, ఈయన వాళ్ల దిక్కు చూస్తలేడు. బస్సుల ఎన్ని మాటలు కూడగట్టుకున్ననో అన్ని మరిచిపోయిన. కత్తిని ఆయన ముంగట నేల మీద పెట్టిన.

"నీ చెయ్యికి ఏం కాలే నాయినా. కత్తిని నేను కాల్చిన. నీలం ఎక్కింది. నీకు కనపడకుంట తుడిచిన. ఆ దినం సంది నాకు తెలుసు."

నాయిన తన కుడిచేతిని చూసుకున్నడు. మలిపి చూసుకున్నడు, తిరగేసి చూసుకున్నడు. "ఇన్నొద్దులు దీన్ని తిట్టుకున్న గదరా" అన్నడు. "పండుకునేటప్పుడు గూడ తిట్టిన. సచ్చిన సెయ్యి, సచ్చిన సెయ్యి అని." ఇగ కోపం వచ్చింది. మంచం కింద చెంబు తీసి ఇసిరిండు. నేను వంగిన, అయినా భుజానికి సరిగ్గ తగిలింది. గురి తప్పలే. నొప్పి పుట్టింది, దాని ఎంబడే నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఏది ముందొచ్చిందో చెప్పలేను.

ఇంక నాయిన లేచిండు. చెక్క తీసిండు, తెల్లరాయి పొడి సల్లిండు, నూరిండు. అరగంట కాదు, ఎక్కువనే నూరిండు. బొటనేలు ఆనిచ్చి చూసిండు. మోకు తగిలిచ్చుకొని నడిచిండు. నేను ఎనకనే పోయిన. వనంల అప్పటికే ఒక్కో తాడు మీద ఒక్కొక్కరు ఉన్నరు. నాయిన తన తాడు మొదట్ల నిలబడి, దానికి దండం పెట్టి ఎక్కుడు మొదలుపెట్టిండు. మా ఇంటామె మాటలు చెవుల మోగుతున్నయ్. పైకి పోయిండు, ఇంకా పైకి పోయిండు, ఆకుల సందుల మాయమైండు. కాసేపు ఏ సప్పుడు లేదు. ఒక పలుచటి చెక్క తిరుక్కుంట వచ్చి నా కాళ్ల ముంగట పడ్డది. ఎండకు పెడితె అవతల కనపడేటంత పలుచగ ఉంది. మళ్లొకటి పడ్డది.

పైకెల్లి ఒక్కసారి కేక లేచింది.

"ఓరి వాయ్! అందరు ఇనుండ్రి! సెయ్యి కాదంట రా! నా సెయ్యి మంచిగనే ఉన్నదంట రా! మావోడు, గా ఫిట్టర్‌గాడు, నా కత్తిని కాల్సిండంట! కాల్సి తుడిసిండంట, దొంగనాకొడుకు!"

తాడు తాడు మీదికెల్లి నవ్వులు లేచినయ్. "నీ మిషన్‌ల మన్ను పొయ్య!" అని ఒకరు. "పట్నపు సదువు గిదేనారా?" అని ఇంకొకరు. "పెద్దయ్యా, నీ తాళ్లు నీకేలే, ఎవలు ముడుతరు!" అని మూడోవాడు. నా పరువు పుట్టిన ఊర్ల అంత ఎత్తుకెల్లి కింద పడుడు అదే మొదలు. తల పైకెత్తిన. కండ్లల్ల నీళ్లకు ఆయన మంచిగ కనపడలే. చేతులు నోటికి అడ్డం పెట్టుకొని, నాకున్న బలమంత పెట్టి ఒర్లిన.

"ఇంకోసారి చెప్పు నాయినా! ఆ చివర తాడు మీదాయనకు ఇనపడలే!"